క్లోజప్ పెడితే ఏడుపొస్తుందా? షాట్ల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ఏడుపు సీన్ అంటే క్లోజప్ పడాల్సిందే.

వాస్తవం: "ఇక్కడ టైట్‌కి వెళ్లిపోదాం" అని నేనూ బోలెడుసార్లు అన్నాను. ఒక సీన్‌లో కొడుక్కి తండ్రి పోయిన కబురు ఫోన్‌లో తెలుస్తుంది. ముఖం మీద టైట్ క్లోజ్ తీశాం. నటుడు బాగా చేశాడు, కన్నీళ్లు కూడా నిజమైనవే. ఎడిటింగ్‌లో నిలిచింది మాత్రం వైడ్, అంటే దూరం నుంచి తీసిన షాట్. ఖాళీ గది, అటు తిరిగి నిలబడ్డ మనిషి, కాల్ కట్టయ్యాక కూడా చెవి దగ్గరే ఉండిపోయిన చెయ్యి. ముఖం కనబడకపోతే దాన్ని చూసేవాళ్లే ఊహించుకుంటారు. పైగా మొదటి డైలాగు నుంచే క్లోజప్‌లు వాడేస్తే, అసలు మాట వచ్చేసరికి ఇంకా దగ్గరికి వెళ్లడానికి చోటుండదు.

అపోహ: లో యాంగిల్ (కింది నుంచి పైకి చూసే కెమెరా) అంటే హీరోయిజం, టాప్ యాంగిల్ (పై నుంచి కిందికి) అంటే నిస్సహాయత.

వాస్తవం: చాలాచోట్ల పనిచేస్తుంది, అందుకే ఆలోచించడం మానేస్తాం. 1941 నాటి హాలీవుడ్ సినిమా 'సిటిజన్ కేన్'లో కథానాయకుడు కేన్ ఎన్నికల్లో ఓడిపోయిన రాత్రి సీన్ చూడండి. కెమెరాను ఇంకా కిందికి దించడానికి దర్శకుడు ఆర్సన్ వెల్స్, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ సెట్ నేలనే తవ్వించారు. మనిషి కొండలా కనిపిస్తాడు. కానీ నెత్తిమీద సీలింగ్, చుట్టూ ఖాళీ ఆఫీసు. అంత ఎత్తూ అతనికి అక్కరకు రాలేదు.

అపోహ: ఒకే ఫ్రేములో ఉంటే దగ్గరితనం, విడివిడిగా ఉంటే ఎడబాటు.

వాస్తవం: అదే సినిమాలో భార్యాభర్తల బ్రేక్‌ఫాస్ట్ సీన్ల వరుస ఉంది. కొన్నేళ్ల కాపురం కొద్ది నిమిషాల్లో చల్లారిపోతుంది. చివరికి ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటారు, పొడవాటి బల్లకు చెరో కొసన, చెరో పేపరు పట్టుకుని. విడిగా చూపిస్తే అంత దూరం తెలిసేది కాదు.

మా పనిలో సంబంధాలన్నీ ఎక్కువగా సజెషన్ షాట్‌లో తేలతాయి, అంటే ఒకరి భుజం మీదుగా ఇంకొకరి ముఖం. ముందున్న భుజం ఎంత చోటు తీసుకుందన్నదే లెక్క. అది సగం ఫ్రేము మింగేస్తే ఎదుటివాడు ఇరుకున పడ్డట్టే. అబద్ధం దొర్లిన మాట దగ్గర భుజాన్ని తీసేసి సింగిల్‌కి, అంటే ఒక్కరే ఉన్న షాట్‌కి, కట్ చేస్తే, అప్పటిదాకా ఉన్న తోడు పోతుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు గానీ ఏదో తేడా కొట్టినట్టు ఉంటుంది.

లుక్, అంటే నటుడి చూపు ఎటు పడుతుందన్నది, కూడా అంతే. ఎదుటి నటుణ్ని లెన్స్‌కి ఆనించి నిలబెడితే కళ్లు రెండూ దాదాపు మనవైపే ఉంటాయి, మాటలు మనకే తగులుతాయి. రెండడుగులు పక్కకి జరిపితే మనం పక్కన నిలబడి వింటున్నవాళ్లం. అందుకే ఒకరి క్లోజప్ తీసేటప్పుడు రెండోవాళ్లు కారవాన్‌కి వెళ్లిపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఎదుటి మనిషికి బదులు స్టాండుకి అంటించిన టేపు ముక్కను చూసి ఏడవడం ఎంత కష్టమో!

అపోహ: ముఖాన్ని సాగదీసేది వైడ్ లెన్స్.

వాస్తవం: సాగదీసేది దూరం. 24 ఎంఎం వైడ్ లెన్స్‌తో ముఖం ఫ్రేము నిండాలంటే కెమెరా మూరెడు దూరంలోకి రావాలి. అంత దగ్గరలో చెవులకంటే ముక్కు కెమెరాకు బాగా దగ్గరవుతుంది కాబట్టి పెద్దదిగా పడుతుంది. 85 ఎంఎం లాంటి పొడవు లెన్స్‌తో అదే సైజు వెనక్కి జరిగి తీసుకోవచ్చు. అందం సంగతి అటుంచితే, మొదటిదాంట్లో ఆ మనిషి ఊపిరి మనకు తగిలేంత దగ్గర. రెండోదాంట్లో మనం దూరం నుంచి గమనిస్తున్నాం.

అపోహ: టెన్షన్ కావాలంటే కెమెరా ఊపాలి.

వాస్తవం: కదలని ఫ్రేములో, మనిషి వెనకాల ఓరగా తెరిచిన తలుపు ఒకటి పెట్టి చూడండి.