సుద్దముక్క నీటిలో కరుగుతుందా?

సుద్దపొడి నీటిలో కరగదని, దాన్ని కలిపితే వచ్చేది ద్రావణం కాదు, అవలంబనమని బడిలో చదువుకున్నాం. పాలలా తెల్లబడిన నీరు కాసేపటికి తేటపడి, పొడి అడుగుకు చేరుతుంది కాబట్టి ఆ మాట చాలావరకు నిజమే. కానీ బడుల్లో వాడే సుద్దముక్కలన్నీ ఒకే పదార్థంతో తయారైనవి కావు.

ప్రకృతిలో దొరికే సుద్ద కాల్షియం కార్బొనేట్. ఇంగ్లండ్‌లోని డోవర్ తీరపు తెల్లని కొండచరియలు, సుమారు 10 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల్లో తేలిన సూక్ష్మ శైవలాల సున్నపు పలకలు పేరుకోవడం వల్ల ఏర్పడ్డాయి. మన ఊళ్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నీటితో కలిపి, అచ్చుల్లో పోసి, ఎండబెట్టి చేసే ముక్కలు మాత్రం జిప్సం, అంటే నీటి అణువులతో కూడిన కాల్షియం సల్ఫేట్. లీటరు శుద్ధమైన నీటిలో కాల్షియం కార్బొనేట్ దాదాపు 15 మిల్లీగ్రాములే కరిగితే, జిప్సం 2 గ్రాములకు పైగా కరుగుతుంది.

పొడి సుద్దముక్కను నీటిలో ముంచగానే పైకి లేచే బుడగలను చూసి రసాయన చర్య జరుగుతోందని కొందరు పొరబడతారు. నిజానికి అది ముక్కలోని సన్నని రంధ్రాల్లోకి నీరు చొరబడుతుండగా బయటికి వచ్చే గాలి మాత్రమే. అసలు తేడా వెనిగర్‌లో తెలుస్తుంది. కాల్షియం కార్బొనేట్ అయితే కార్బన్ డయాక్సైడ్ ఆగకుండా నురగలు కక్కుతూ వెలువడి, ముక్క క్రమంగా కరిగిపోతుంది. జిప్సం ముక్క కాస్త గాలి వదిలి ఊరుకుంటుంది. ఆమ్లం ఎంత బలమైనదైతే చర్య అంత జోరుగా సాగుతుందనుకోవడం సహజమే గాని, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసిన సున్నపు సుద్ద మీద తక్కువగా కరిగే కాల్షియం సల్ఫేట్ పొర కట్టి, చర్యను మందగింపజేస్తుంది.

నూనెలో ఏ సుద్దా కరగదు. అవిసె నూనెతో సుద్దపొడిని కలిపి పిసికితే కిటికీ అద్దాలను బిగించే లప్పం తయారవుతుంది. తడి సుద్దతో రాసిన గీత మొదట మసకగా ఉండి, ఆరాక తెల్లబడటానికి కారణం కాంతి: రేణువుల మధ్య గాలికి బదులు నీరు నిండినప్పుడు వక్రీభవన గుణకాల్లో (కాంతిని వంచే శక్తిలో) తేడా తగ్గి, కాంతి తక్కువగా చెదురుతుంది.

కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు కాల్షియం కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చి ఎక్కువగా కరిగించుకుంటుంది. అరకు దారిలోని బొర్రా గుహలను సున్నపురాయిలో తొలిచింది ఇలాంటి నీరే. బోరునీటిని మరిగించినప్పుడు ఆ బైకార్బొనేట్ విడిపోయి, గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. వెనిగర్‌తో ఆ పెచ్చు వదిలిపోతుంది. జిప్సం వల్ల నీటికి వచ్చిన కాఠిన్యం (సబ్బు సరిగా నురగ రాని గుణం) మాత్రం మరిగించినా పోదు, చాకలి సోడా కలపవలసిందే. అప్పుడు అడుగుకు దిగేది కూడా కాల్షియం కార్బొనేటే.