డీఎన్ఏని ష్రోడింగర్ ముందే ఊహించారా? అపోహలు - వాస్తవాలు

ఎమ్మెస్సీ పిల్లలకు జన్యువు పాఠం మొదలుపెట్టే రోజున నేను భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్ పేరు చెబుతాను. చెప్పగానే ఎవరో ఒకరు చెయ్యెత్తి, "సార్, డీఎన్ఏని ముందే ఊహించింది ఆయనే కదా?" అంటారు. ఆ పిల్లల తప్పేమీ లేదు. వీడియోల్లో, కోచింగ్ నోట్సుల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఈ కథ అలాగే తిరుగుతోంది. కానీ అసలు జరిగింది ఇంతకంటే ఎంతో బాగుంటుంది. అది అందరికీ తెలియాలన్నదే నా కోరిక.

ముందు నేపథ్యం. క్వాంటమ్ మెకానిక్స్‌లో తన సమీకరణానికి 1933లో నోబెల్ అందుకున్న ష్రోడింగర్, నాజీల చేతిలో పడిన ఆస్ట్రియాను వదిలి ఐర్లండ్ చేరారు. 1943 ఫిబ్రవరిలో, బయట యుద్ధం నడుస్తుండగా, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో "జీవం అంటే ఏమిటి?" అని మూడు ఉపన్యాసాలు ఇచ్చారు. సుమారు నాలుగు వందల మంది వచ్చారు. మరుసటి ఏడాది అవే "వాట్ ఈజ్ లైఫ్?" అనే చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి. వంద పేజీలు కూడా ఉండదు.

అపోహ: ఆ పుస్తకంలో డీఎన్ఏ గురించి ముందే చెప్పారు.

వాస్తవం: అందులో డీఎన్ఏ ఊసే లేదు. ఆ రోజుల్లో చాలామంది అనుకున్నట్టే ఆయన కూడా జన్యువు ఒక పెద్ద ప్రొటీన్ అణువు అయి ఉంటుందనుకున్నారు. వంశలక్షణాన్ని మోసేది డీఎన్ఏ అని న్యూమోనియా బ్యాక్టీరియాతో చూపించింది న్యూయార్క్‌లో ఆస్వాల్డ్ ఏవరీ, ఆయన ఇద్దరు సహచరులు. వాళ్ల పేపర్ కూడా 1944లోనే వచ్చింది.

మరి ఆయన చెప్పిందేమిటి? జన్యువు ఒక "క్రమం పునరావృతం కాని స్ఫటికం" అన్నారు. ఉప్పు రవ్వలో ఒకే అమరిక అటూ ఇటూ మళ్లీ మళ్లీ వస్తుంది. అంచు పొడవునా ఒకే పువ్వు అద్దిన చీర లాంటిదది. ఒక్క పువ్వు చూస్తే మొత్తం చూసినట్టే. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం గీసిన గుడ్డ అలా కాదు. ఏ మూల ఏముందో చూస్తే గానీ కథ తెలియదు. (వాల్‌పేపర్‌కీ, చిత్రాలు నేసిన తెరకీ ఉన్న తేడాతో ఆయన చెప్పారు. మా క్లాసులో కలంకారీ బాగా ఎక్కుతుంది.) జన్యువు ఈ రెండో రకమని, దాని అమరికలోనే ఒక సంకేతలిపి దాగి ఉందని అన్నారు. మోర్స్ కోడ్‌లో చుక్క, గీత అని రెండే గుర్తులు. వాటిని నాలుగుకు మించకుండా గుంపులు కడితే 30 రకాల సంకేతాలు వస్తాయి. కొద్ది రకాల ముక్కలతోనే అంతులేని వైవిధ్యం సాధ్యమని చూపించడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఇది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన పేజీలు ఇవే.

అపోహ: ఈ ఆలోచనలన్నీ ఆయన సొంతం.

వాస్తవం: కాదు. ఆయన కూడా అలా చెప్పుకోలేదు. 1935లో బెర్లిన్‌లో టిమోఫీఫ్-రెసోవ్‌స్కీ, కార్ల్ జిమ్మర్, మాక్స్ డెల్‌బ్రూక్ కలిసి ఒక పేపర్ రాశారు. పండు ఈగల మీద ఎక్స్-కిరణాలు పడితే మ్యుటేషన్లు, అంటే జన్యువులో మార్పులు, ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టి, జన్యువు అంటే ఏదో మిస్టరీ కాదు, పరమాణువులతో కట్టిన ఒక అణువు అని అందులో వాదించారు. ష్రోడింగర్ పుస్తకం మధ్య భాగమంతా దాదాపు ఆ పేపర్ వివరణే. ఒక అధ్యాయం పేరులోనే డెల్‌బ్రూక్ ఉన్నారు.

ష్రోడింగర్‌ని పట్టుకున్న ప్రశ్న ఇది. హాబ్స్‌బర్గ్ రాజవంశంలో కింది పెదవి ఆకారం ఒకటి శతాబ్దాల పాటు తరం నుంచి తరానికి వచ్చింది. అంత చిన్న జన్యువు, ఒంటి వేడిలో అన్ని అణువులూ నిరంతరం కొట్టుకుంటుంటే, చెక్కుచెదరకుండా ఎలా నిలిచింది? గణాంక నియమం ప్రకారం వంద అణువుల గుంపులో పది శాతం ఒడిదుడుకు మామూలే. పది లక్షల అణువులుంటే అది 0.1 శాతానికి తగ్గుతుంది. జన్యువులో అంత పెద్ద సంఖ్యలో పరమాణువులు లేవు. కాబట్టి దాని నిలకడ సంఖ్యాబలం వల్ల వచ్చింది కాదు, రసాయన బంధాల వల్ల వచ్చిందన్నది జవాబు. బంధం తెగడానికి కావలసిన శక్తి, చుట్టూ ఉన్న ఉష్ణశక్తికి 30 రెట్లుంటే ఆ అమరిక సెకనులో పదో వంతు నిలుస్తుంది. 50 రెట్లయితే సుమారు 16 నెలలు. 60 రెట్లయితే 30,000 ఏళ్లు. ఈ మూడు అంకెలు బోర్డు మీద రాసినప్పుడు క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

అయితే ఈ జవాబు సగమే. మన కణంలోని డీఎన్ఏ రాయిలా పడి ఉండదు. నీటి వల్లా, ఆక్సిజన్ వల్లా ఒక్కో కణంలో రోజూ వేల చోట్ల దెబ్బతింటుంది. దాన్ని కనిపెట్టి బాగుచేసే ఎంజైములు పగలూ రాత్రీ పనిచేస్తుంటాయి. కాపీ చేసే ఎంజైము కూడా తప్పు అక్షరం పడితే వెనక్కి వచ్చి దిద్దుతుంది. ఈ మరమ్మతు పద్ధతులను విప్పి చెప్పినందుకే థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. జన్యువు నిలకడ కోట గోడ నిలకడ కాదు. ఏటా వానలకు ముందు నేసుకునే తాటాకు కప్పు నిలకడ. మరమ్మతు ఆగితే అది కారుతుంది. మరమ్మతు జన్యువులు పాడైతే కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరిగేది అందుకే.

అపోహ: ఆ పుస్తకంతోనే మాలిక్యులర్ బయాలజీ (జీవాన్ని అణువుల స్థాయిలో చదివే శాస్త్రం) పుట్టింది.

వాస్తవం: ఆ పేరే అంతకు ముందుది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌లో ఉన్న వారెన్ వీవర్ 1938లో దాన్ని వాడారు. పని ఇంకా ముందు నుంచే నడుస్తోంది.

భౌతిక శాస్త్రం జీవశాస్త్రంలోకి ఎలా వచ్చిందో తెలియాలంటే చూడాల్సింది డెల్‌బ్రూక్‌ని. 1932లో నీల్స్ బోర్ "వెలుతురు, జీవం" అనే ఉపన్యాసం ఇచ్చారు. అది విని, అప్పటికి కుర్ర భౌతిక శాస్త్రవేత్త అయిన డెల్‌బ్రూక్ మనసు జీవం వైపు తిరిగింది. 1937లో అమెరికా వెళ్లి, బ్యాక్టీరియాను తినే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను పట్టుకున్నారు. సాల్వడార్ లూరియాతో కలిసి 1943లో చేసిన ప్రయోగాన్ని నేను ప్రతి బ్యాచ్ చేతా చేయిస్తాను.

వాళ్ల ప్రశ్న సూటిగా ఉంటుంది. ఫేజ్ దాడిని తట్టుకునే బ్యాక్టీరియా, ఫేజ్ తగిలాక మారుతుందా, లేక అంతకు ముందే మారి ఉంటుందా? మేము ఫేజ్ బదులు రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ వాడతాం. ఇరవై ట్యూబుల్లో కొద్ది కొద్దిగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వేసి రాత్రంతా పెంచుతాం. మర్నాడు ఒక్కో ట్యూబ్‌నీ మందు కలిపిన ఒక్కో ప్లేటు మీద పరుస్తాం. మందు తగిలాకే మార్పు వస్తే అన్ని ప్లేట్లలో ఇంచుమించు ఒకే లెక్క రావాలి. అలా రాదు. ఒకదాంట్లో సున్నా, ఒకదాంట్లో మూడు, ఉన్నట్టుండి ఒకదాంట్లో లెక్కపెట్టలేనన్ని కాలనీలు. ఆ ట్యూబులో మార్పు మొదట్లోనే వచ్చి, ఆ కణం పిల్లలు పిల్లలుగా పెరిగిందన్నమాట. లూరియాకు ఈ ఆలోచన ఒక డాన్స్ పార్టీలో, తోటి ఉద్యోగి స్లాట్ మెషిన్ (నాణేలు వేసి ఆడే జూదపు యంత్రం) ఆడుతుంటే చూసి తట్టింది. అప్పుడప్పుడూ కురిసే ఆ జాక్‌పాటే ఇక్కడ రుజువు. లెక్క కట్టే సూత్రం డెల్‌బ్రూక్ రాశారు. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దని డాక్టర్ చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ ప్లేట్లే. మందుకు లొంగని కణం, మందు రాకముందే అక్కడ ఉండొచ్చు. లూరియా, డెల్‌బ్రూక్‌ల ఈ పేపర్ ష్రోడింగర్ పుస్తకం కంటే ముందే అచ్చయింది.

మరి పుస్తకం ఏం చేసినట్టు? మనుషుల్ని తెచ్చింది. బ్రిటన్ నౌకాదళానికి మైన్ల మీద పనిచేసిన క్రిక్, అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన విల్కిన్స్, పక్షుల మీద ఆసక్తితో చదువుకుంటున్న వాట్సన్, తర్వాత డీఎన్ఏ ఆకారం కనిపెట్టినందుకు నోబెల్ పంచుకున్న ఈ ముగ్గురూ ఆ పుస్తకం చదివామని చెప్పారు. 1953 ఆగస్టులో క్రిక్ డీఎన్ఏ ఆకారం మీద తానూ, వాట్సన్ రాసిన పేపర్లు ష్రోడింగర్‌కి పంపుతూ, మీ "క్రమం పునరావృతం కాని స్ఫటికం" అన్న మాట సరిగ్గా సరిపోయేలా ఉందని రాశారు. ప్రొటీన్ల ఆకారాలు తేల్చిన శాస్త్రవేత్త మాక్స్ పెరుట్జ్ మాత్రం 1987లో కఠినంగా తీర్పు చెప్పారు. అందులో నిజమైనది కొత్తది కాదనీ, కొత్తదాంట్లో చాలావరకు నిజం కాదని అప్పటికే తెలుసనీ అన్నారు. లెక్కల విషయంలో పెరుట్జ్‌తో నేను ఏకీభవిస్తాను. కానీ పాతికేళ్ల కుర్రాడికి "ఇక్కడొక ప్రశ్న ఉంది, రా" అని చెప్పే పుస్తకాన్ని ఆ ఒక్క తూకంతో కొలవకూడదు.

అలాగని డీఎన్ఏ ఆకారం పుస్తకం చదివితే దొరకలేదు. రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గాస్లింగ్ 1952లో గంటల కొద్దీ ఎక్స్-కిరణాలు పడేసి తీసిన ఫొటో లేకపోతే వాట్సన్, క్రిక్ కట్టిన మోడల్‌కి ఆధారమే బలహీనపడేది. ఇది చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం.

అపోహ: జీవం థర్మోడైనమిక్స్ రెండో నియమాన్ని ధిక్కరిస్తుందని ఆయన చెప్పారు.

వాస్తవం: ఎక్కడా చెప్పలేదు. జీవి తన లోపలి క్రమాన్ని కాపాడుకుంటూ, గందరగోళాన్ని బయటికి తోసేస్తుందన్నారు. మొత్తం లెక్కలో ఎంట్రోపీ, అంటే ఆ గందరగోళం కొలత, రెండో నియమం చెప్పినట్టే పెరుగుతూనే ఉంటుంది. "రుణ (నెగటివ్) ఎంట్రోపీని తింటుంది" అన్న మాటకు తోటి భౌతిక శాస్త్రవేత్తలు అభ్యంతరం చెబితే, వాళ్ల కోసమే రాసి ఉంటే "స్వేచ్ఛా శక్తి" (పని చేయించుకోవడానికి అందుబాటులో ఉండే శక్తి) అనేవాడినని తర్వాత గమనిక చేర్చారు. కణంలో ఆ శక్తిని చేతులు మార్చే నాణెం ఏటీపీ అనే అణువు. దాన్ని 1929లో వెలికితీసిన వాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేశారు.

అపోహ: జన్యుసంకేతం ఆలోచన ఆయనకు ఉపనిషత్తుల నుంచి వచ్చింది.

వాస్తవం: ఆయనకు వేదాంతం మీద నిజమైన గౌరవం ఉంది. చివర్లో ఆత్మ, బ్రహ్మం ఒకటేనన్న మాట ప్రస్తావించారు. కానీ అది తన వ్యక్తిగత అభిప్రాయమని అక్కడే స్పష్టంగా రాశారు. జన్యువు లెక్కలు పండు ఈగల నుంచి, ఎక్స్-కిరణాల నుంచి వచ్చాయి. ఆయన వేరుగా పెట్టిన రెండిటిని మనం కలిపేస్తే ఉపనిషత్తులకూ మేలు జరగదు, సైన్సుకూ జరగదు.

అపోహ: డీఎన్ఏలో ప్లాన్ ఉంటే చాలు, జీవి తయారైపోతుంది.

వాస్తవం: ఇది ష్రోడింగర్ స్వయంగా చేసిన పొరపాటు. జన్యువులను మోసే క్రోమోజోములే ఇంటి ప్లానూ, కట్టే మేస్త్రీ కూడా అన్నారు. జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ దీన్ని సరిగ్గా పట్టుకున్నారు. ప్లాన్ వేరు, మేస్త్రీ వేరు. డీఎన్ఏ తనంతట తాను ఒక్క ప్రొటీన్‌ని కూడా కట్టలేదు. సంకేతాన్ని మూడేసి అక్షరాలుగా చదివి, అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటే అతికించే మేస్త్రీ రైబోజోమ్. దానిలో ఏ పరమాణువు ఎక్కడుందో చూపించి 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్. ఆయన పీహెచ్‌డీ భౌతిక శాస్త్రంలో. అది చేతికొచ్చాక, మళ్లీ విద్యార్థిగా చేరి మొదటి నుంచి బయాలజీ నేర్చుకున్నారు.