‘మేనేజ్’ చేశావా అంటే ఉలిక్కిపడకండి: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను. పోయిన నెల మా మిర్యాలగూడ స్టూడెంట్ ఒకడు ఇంటర్వ్యూ నుంచి నేరుగా క్లాసుకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. మెడికల్ షాపులో రెండేళ్లు పనిచేసిన పిల్లవాడు. “అక్కడ స్టాక్ మేనేజ్ చేశావా?” అని ఇంగ్లిష్‌లో అడిగారట. వీడు గాభరాపడి “నో సర్, నెవర్!” అనేశాడు. ఉద్యోగం రాలేదు. “నేనెందుకు మేనేజ్ చేస్త సార్, ఒక్క గోలీ ఇటుది అటు కాలె” అని నా దగ్గర ఒకటే మొర. ముందు నవ్వొచ్చింది, తర్వాత మనసు కలుక్కుమంది. రోజూ స్టాక్ రాసి, డేట్లు చూసి, అయిపోయినవి ఆర్డర్ పెట్టింది వీడే. ఇంగ్లిష్‌లో మేనేజ్ చేయడమంటే ఆ పనే.

అపోహ: మేనేజ్ అంటే లోపాయికారీగా సర్దేయడం.

వాడి తప్పేం లేదు. “బిల్లు మేనేజ్ చేసిండు” అంటే మన దగ్గర ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలుగులోకి వచ్చాక ఆ మాట చెయ్యి టేబుల్ కిందికి పోయింది. నిజానికి అది పుట్టిందే చేతిలో. లాటిన్‌లో మానుస్ అంటే చెయ్యి. దాని నుంచి ఇటాలియన్‌లో మనెజ్జారె, అంటే చేత్తో పట్టి నడపడం, ముఖ్యంగా గుర్రాన్ని. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది కూడా గుర్రాల మాటగానే.

మన బారాత్‌లో గుర్రం పట్టుకునే ఆయన్ని ఎప్పుడైనా గమనించారా? డీజే మోతకు, టపాసులకు అది బెదురుతుంటే కళ్లెం దగ్గరగా పట్టుకుని, మెడ నిమురుతూ, పెళ్లికొడుకు జారకుండా నడిపిస్తాడు. గట్టిగా గుంజడు, వదిలెయ్యడు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ నేర్పు గురించే. “ఐ మేనేజ్డ్ ది స్టాక్” అని ధైర్యంగా చెప్పి, రోజూ ఏమేం చేసేవారో నాలుగు ముక్కలు కలపండి.

అపోహ: ‘కుడ్’ అన్నా ‘మేనేజ్డ్ టు’ అన్నా ఒకటే.

కాదు. దేవరకొండ బస్సు తప్పిపోయి, ఆటోలు మారి పరీక్షకు టైముకు చేరారనుకోండి. “ఐ కుడ్ రీచ్” అంటే పొసగదు. అడ్డంకి దాటి ఆ ఒక్కసారి సాధించారు కాబట్టి “ఐ మేనేజ్డ్ టు రీచ్” అనాలి. ‘టు’ తర్వాత ‘రీచ్‌డ్’ పెట్టకండి, దండం పెడతా. చేరలేకపోతే మాత్రం “కుడ్ నాట్ రీచ్” అన్నా తప్పు లేదు.

అపోహ: మేనేజ్‌మెంట్ అంటే ‘మేనేజ్ మెన్ టాక్ట్‌ఫుల్లీ’.

వాట్సాప్‌లో ఇది పంపేవాళ్లకు నాదొకటే ప్రశ్న. పేమెంట్‌లో ఏ మగాళ్లున్నారు? ‘మెంట్’ అనేది వట్టి ప్రత్యయం.

ఇక పలకడం ‘మ్యానిజ్’కు దగ్గరగా ఉంటుంది. ‘మేనేజ్’ అన్నారని ఉద్యోగం పోదు, ఆ టెన్షన్ వద్దు.

ఆ పిల్లవాడికి వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నిన్న ఎదురుగా కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగాను. “యెస్ సర్, ఐ మేనేజ్డ్ ది స్టాక్” అన్నాడు గట్టిగా. ఒక్క క్షణం ఆగి, మెల్లగా “నిజాయితీగనే సార్” అని తెలుగులో కలిపాడు.