పిల్లల పుచ్చిపళ్ళు: పల్లెల్లో, బస్తీల్లో రోజూ వినే అపోహలు – అసలు వాస్తవాలు

పిల్లల దంతవైద్యురాలిగా నా పని ఎక్కువగా ఆసుపత్రి బయటే. అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, ఇటుక బట్టీల పక్కన వేసుకున్న గుడిసెలు. 2002-03లో జరిగిన జాతీయ సర్వేలో మన దేశంలో ఐదేళ్ళ పిల్లల్లో దాదాపు 52 శాతం మందికి పుచ్చిపళ్ళు ఉన్నట్టు తేలింది. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచం మొత్తం మీద 51 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. ఇంతమందిని ఏడిపిస్తున్న ఈ జబ్బు చాలావరకు రాకుండా ఆపగలిగిందే. ఆపలేకపోవడానికి పేదరికం ఒక కారణమైతే, తప్పుడు నమ్మకాలు ఇంకో కారణం. ఆ నమ్మకాలు తల్లిదండ్రులకే కాదు, సేవ చేయాలని మంచి మనసుతో ముందుకొచ్చేవాళ్ళకీ ఉన్నాయి.

అపోహ: "పాలపళ్ళే కదా డాక్టరమ్మా, ఎలాగూ ఊడిపోయేవే!"

ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. కానీ వెనకున్న పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. బిడ్డ అన్నం నమిలేది వాటితోనే. అవి పుచ్చితే ఒకవైపే నములుతుంది, లేదా ముద్ద నమలకుండానే మింగేస్తుంది. రాత్రి నొప్పికి లేచి ఏడుస్తుంది, పొద్దున బడిలో తూగుతుంది. పుచ్చిపళ్ళు బాగా ముదిరిన పిల్లల్లో బరువు తక్కువగా ఉండేవాళ్ళను తరచూ చూస్తుంటాం. పౌష్టికాహారం ఇస్తున్నా ఎదగడం లేదని అంగన్‌వాడీ టీచర్లు బాధపడే బిడ్డ నోరు కూడా ఒకసారి తెరిచి చూడాలి.

పాలపన్ను ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కింద నుంచి రావాల్సిన పన్నుకు చోటుండదు, వంకరగా వస్తుంది. చీము పట్టిన పాలపన్ను కింద తయారవుతున్న అసలు పన్ను కూడా దెబ్బతినవచ్చు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఆరో ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికన్నా వెనక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఏమీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. దాని పైభాగంలో లోతైన గాళ్ళుంటాయి, మెతుకులు అక్కడే ఇరుక్కుంటాయి. ఒకటో తరగతి బిడ్డకు ఎనిమిదో తరగతికల్లా పీకించుకోవాల్సి వచ్చే మొదటి పన్ను చాలాసార్లు ఇదే.

అపోహ: "పంట్లో పురుగు పడింది, తీయిస్తే సరి"

సంతల్లో, తిరునాళ్ళలో పంటి పురుగు తీసేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. దవడ దగ్గర ఏదో పసరు పూసి, సన్నటి తెల్ల పురుగులు చూపిస్తారు. అది హస్తలాఘవం. పన్నును తినే పురుగు ఏదీ లేదు.

పంటి మీద పాచిలో కంటికి కనిపించని బాక్టీరియా ఉంటుంది. మనం తిన్న తీపిని అదీ తిని ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లానికి పంటి మీది గట్టి పొర, ఎనామిల్‌లో ఖనిజం కరుగుతుంది. అరగంట, గంట గడిచేసరికి లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పూడుస్తుంది. నోటికి ఆ వ్యవధి దొరికితే పన్ను నిలుస్తుంది. పొద్దున టీలో బిస్కెట్, పదింటికి రూపాయి చాక్లెట్, మధ్యాహ్నం ఐదు రూపాయల ప్యాకెట్, సాయంత్రం ఐస్, రాత్రి పాలసీసా: ఇలా జరిగితే పూడ్చుకునే తీరికే ఉండదు. అందుకే ఎంత తీపి తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పెద్ద విషయం. పండగనాడు భోజనంతో పాటు రెండు బూరెలు తిన్న బిడ్డకంటే, ఒకే చాక్లెట్‌ను పొద్దంతా చప్పరించే బిడ్డకే ప్రమాదం ఎక్కువ.

అపోహ: "చక్కెర మానేశాం, బెల్లమే వాడుతున్నాం, పళ్ళకేం కాదు"

బెల్లంలోనూ అధిక భాగం సుక్రోజే, అంటే చక్కెరలో ఉండేదే. బాక్టీరియాకు ఆ తేడా తెలియదు. పైగా పాకం పట్టిన పల్లీచిక్కీ పంటి గాళ్ళలో అతుక్కుని చాలాసేపు ఉంటుంది. అలాగని ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇచ్చే చిక్కీ, రాగిజావ గానీ, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గానీ మాన్పించమని నేనెప్పుడూ చెప్పను. ఆకలితో ఉన్న బిడ్డకు అవి అవసరం. భోజనం వేళకే పెట్టండి, తిన్నాక నీళ్ళు పుక్కిలించనివ్వండి, మధ్యమధ్యలో నమలడానికి చేతికివ్వకండి. అంతే.

అపోహ: "తల్లి పట్టించుకోకే పళ్ళిలా అయ్యాయి"

ఈ మాట ఎక్కువగా చదువుకున్నవాళ్ళ నోట వింటాను, కొన్నిసార్లు మా వృత్తివాళ్ళ నోట కూడా. వింటే కోపం వస్తుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోసే రోజుల్లో తల్లి తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది. చంటిబిడ్డను చూసేది ఎనిమిదేళ్ళ అక్క. బిడ్డ ఏడవకుండా ఉండేందుకు ఇంట్లో దొరికేది చక్కెర కలిపిన పాలసీసా, లేదా కొట్లో బిస్కెట్. ఇంటికి నాలుగైదు కిలోమీటర్లలో పళ్ళ డాక్టరు ఉండడు. ఉన్నా, పోతే ఆ రోజు కూలి పోతుంది. ఆ తల్లిని పదిమందిలో తిడితే రెండోసారి ఆ బిడ్డను మన దగ్గరికి తీసుకురాదు.

ఆమెకు తిట్లకు బదులు ఒక్క పని నేర్పితే చాలు: పై పెదవి ఎత్తి చూడటం. చూపుడువేలికి శుభ్రమైన గుడ్డ చుట్టి బిడ్డ పై ముందుపళ్ళు తుడవాలి. చిగురు అంచున సుద్దతో గీసినట్టు తెల్లగీత కనిపిస్తే పుచ్చు మొదలైందని అర్థం. ఆ దశలో ఎనామిల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్ళించవచ్చు. పాలసీసాతో నిద్రపోయే పిల్లలకు మొదట చెడేవి పై ముందుపళ్ళు నాలుగే. కింది ముందుపళ్ళను నాలుక, లాలాజలం కాపాడతాయి. ఈ పరీక్షకు అద్దం, కుర్చీ, డాక్టరు అక్కర్లేదు. నేర్పిన ప్రతి ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్లు నాకంటే ఓపిగ్గా చేస్తున్నారు.

అపోహ: "ఫ్లోరైడ్ అంటే విషం. నల్లగొండ చూళ్ళేదా?"

ఈ భయాన్ని తీసిపారేయకూడదు. నల్లగొండలో, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలో వంగిపోయిన కాళ్ళు, బిగుసుకుపోయిన నడుములు చూసినవాళ్ళు మన మధ్య ఉన్నారు. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు, ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. అక్కడ ఒక తల్లి "ఫ్లోరైడ్ పేస్టా, వద్దమ్మా" అంటే అది అజ్ఞానం కాదు, అనుభవం.

కానీ లెక్క చూద్దాం. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదనీ మన ప్రమాణం. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకొక లీటరు తాగే బిడ్డ ఒంట్లోకి రోజూ 4 మిల్లీగ్రాములు పోతుంది. అలా ఏళ్ళ తరబడి తాగితేనే ఎముకలకు చేటు. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాల ఫ్లోరైడ్) ఉన్న పేస్టు బియ్యపు గింజంత తీసుకుంటే అందులో ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము. ఒకసారి తోమినప్పుడు బిడ్డ అదంతా మింగేసినా ఆ నీళ్ళతో పోలిస్తే 40వ వంతు, రోజుకు రెండుసార్లయినా 20వ వంతు. పైగా పేస్టులో ఫ్లోరైడ్ పని చేసేది పంటిపైనే, కడుపులోకి వెళ్ళి కాదు.

అందుకే కొలత ముఖ్యం. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత. బ్రష్షు పొడవునా పేస్టు వేయడం ప్రకటనల్లో బాగుంటుంది, పిల్లలకు పనికిరాదు. పేస్టు వేసేది పెద్దవాళ్ళే అవ్వాలి. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో గలగలా పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సింది కూడా పోతుంది. రాత్రి పడుకునేముందు ఒకసారి, పగలు ఒకసారి. ఏడెనిమిదేళ్ళ దాకా బిడ్డ చేతికి ఆ ఒడుపు రాదు, పెద్దవాళ్ళు తోమాలి, లేదా పక్కనుండి చూడాలి.

ఇప్పటికీ బోరు నీళ్ళే తాగే ఊరికి వెళ్ళినప్పుడు మేం మొదట అడిగేది నీళ్ళ సంగతే. ఫ్లోరోసిస్ మచ్చలున్న పళ్ళు పుచ్చవని కూడా కొందరంటారు. పుచ్చుతాయి. గోధుమరంగు మచ్చల మధ్య గుంటలు పడ్డ పళ్ళు ఎన్నో చూశాం.

అపోహ: "వేపపుల్ల, బొగ్గు, పళ్ళపొడితో మా తాతల పళ్ళు బాగానే ఉన్నాయిగా"

తాతల కాలంలో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ లేదు. వేపపుల్ల పాచి కొంత తీస్తుంది, అందులో తప్పు లేదు, కానీ ఫ్లోరైడ్ ఇవ్వదు. బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్ళపొడులను కేంద్రం 1992లోనే నిషేధించింది. పేరూ ఊరూ లేని ఎర్ర పొడి పిల్లల నోట్లో పెట్టకండి.

అపోహ: "పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది"

పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. ఉన్న ప్రమాదం దీనికి తిరగబడి ఉంది: పై పన్ను చీము వదిలేస్తే వాపు కన్ను దాకా పాకుతుంది. బుగ్గ వాచి, జ్వరం వచ్చి, కన్ను మూసుకుపోతుంటే అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాలి. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలకు నొప్పి తగ్గుతుందేమో గానీ పంటిలో కారణం అలాగే ఉంటుంది.

అపోహ: "ఆ నల్లమందు వేస్తే పళ్ళు మాడిపోతాయి"

సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ గురించి ఈ మాట. 38 శాతం గాఢత ఉన్న ఈ ద్రావణం ఒక్క చుక్క, చిన్న కుంచెతో పుచ్చు మీద ఒక నిమిషం అద్దితే చాలు. సూది లేదు, డ్రిల్లు లేదు, కరెంటు అక్కర్లేదు. పాలపళ్ళలో పది పుచ్చులకు ఎనిమిదింటి దాకా అక్కడే ఆగిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నల్లబడటం నిజమే. పుచ్చిన భాగం నల్లగా, గట్టిగా మారుతుంది; మంచి పన్ను నల్లబడదు. ముందుపళ్ళకు వేసేముందు తల్లికి ఫొటో చూపించి, ఆమె సరేనంటేనే వేస్తాను. ఆడపిల్ల విషయంలో తల్లులు ఎక్కువ వెనకాడతారు, ఆ బాధ అర్థమవుతుంది. ఆ పన్ను ఏడేళ్ళకు ఊడి తెల్లటి పన్ను వస్తుందని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని తల్లిని ఒత్తిడి చేయం. రాత్రిళ్ళు నొప్పి ఉన్న పంటికి, చీము గడ్డ లేచిన పంటికి ఈ మందు పనిచేయదు, వాటికి వైద్యం వేరే.

అపోహ: "క్యాంపు పెట్టి, ఉపన్యాసం ఇచ్చి, బ్రష్షులు పంచితే మన బాధ్యత అయిపోయింది"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. బ్యానరు కడతారు, రెండు వందల మంది పిల్లల నోళ్ళు టార్చిలైటుతో చూస్తారు, చీటీ రాసి "పట్నం వెళ్ళి చూపించుకోండి" అంటారు. ఆ చీటీ పట్టుకుని వెళ్ళేది ఏ కొద్దిమందో. పంచిన బ్రష్షు ఇంట్లో నలుగురిదవుతుంది. ట్యూబు నెలలో అయిపోతుంది, మళ్ళీ కొనడం జరగదు. పుచ్చు ఆగాలంటే పంటికి రోజూ ఫ్లోరైడ్ తగలాలి. రోజూ ఊళ్ళో ఉండేది మనం కాదు, అంగన్‌వాడీ టీచరు, ఆయా, బడి పంతులు. మన పని వాళ్ళ చేతికి అందివ్వడం.

అంగన్‌వాడీలో మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, ఆయా ఒక్కొక్క బ్రష్షుకూ కొలతగా పేస్టు రాసి తోమిస్తే పదిహేను నిమిషాలు పడుతుంది. స్కాట్లాండ్‌లో నర్సరీ బడులన్నిటా రోజూ టీచర్ల ముందే బ్రష్ చేయించడం మొదలుపెట్టాక పుచ్చిపళ్ళు బాగా తగ్గాయి, పేద పిల్లల్లో కూడా. మన దగ్గర అంగన్‌వాడీల వ్యవస్థ ముందే ఉంది. దాన్ని వాడుకోవాలి.

దానికి తోడు ఆరు నెలలకొకసారి ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పంటికి పూసే ఫ్లోరైడ్ జిగురు. చిన్నపిల్లలకు వేసే తీరు చెబుతాను. తల్లీ, నేనూ ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటాం. బిడ్డ తల్లి నడుముకు కాళ్ళు చుట్టుకుని, తల నా ఒళ్ళోకి వాల్చుతుంది. తల్లి చేతులు పట్టుకుంటుంది. పళ్ళు దూదితో తుడిచి, లేత పసుపు జిగురును కుంచెతో పూస్తే అయిపోయినట్టే. ఏడ్చిన బిడ్డ నోరు తెరిచే ఉంటుంది కాబట్టి పని ఇంకా సులువు. పూశాక కొన్ని గంటలు గట్టివి నమలకూడదు, ఆ రాత్రి తోమకూడదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళాలి. వాళ్ళు చూడాల్సిన జబ్బుల్లో పుచ్చిపళ్ళు ఉన్నాయి. మీ ఊరికి బృందం వచ్చే రోజు టీచరును అడిగి తెలుసుకోండి, పెద్ద పుచ్చులున్న పిల్లల పేర్లు ముందే రాసివ్వండి. హైదరాబాద్, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. చీటీ ఇవ్వడం కంటే, పదిమంది పిల్లలను ఒకే రోజు ఒకే బండిలో, వెంట ఒక ఆశా కార్యకర్తతో పంపితే పని జరుగుతుంది.

యువజన సంఘాలు, సేవా సంస్థలు క్యాంపు పెట్టాలనుకుంటే ఒకటే మనవి. పది ఊళ్ళు తిరిగే బదులు రెండు ఊళ్ళు ఎంచుకోండి. మొదటి రోజే రెండో వార్నిష్ తేదీ ఖాయం చేయండి. ఒకటి, రెండు తరగతుల పిల్లల ఆరేళ్ళ దవడపళ్ళ గాళ్ళకు సీలెంట్ (గాళ్ళను మూసే పూత) వేయగల దంతవైద్యుణ్ణి వెంట తీసుకెళ్ళండి. ఏడాదికి సరిపడా పేస్టు ఆయాకు అప్పగించండి. బ్రష్షుల మీద పిల్లల పేర్లు రాసి, ఒకదానికొకటి తగలకుండా, గాలి తగిలేలా నిలబెట్టే స్టాండు ఒకటి చేయించండి. మూడు నాలుగు నెలలకు కుచ్చులు విడిపోతాయి, కొత్త బ్రష్షుల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.