ఇంటి పైకప్పుకు సౌరమండలం

1774 మే నెలలో బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, చంద్రుడు ఆకాశంలో ఒకేచోట చేరబోతున్నాయని, ఆ దెబ్బకు భూమి కక్ష్య తప్పి సూర్యుడిలో పడి కాలిపోతుందని నెదర్లాండ్స్‌లో ఒక పాస్టర్ చిన్న పుస్తకం అచ్చువేశాడు. జనం హడలిపోయారు. (1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అంటూ మన దగ్గర జరిగిన యజ్ఞాలు గుర్తున్నవాళ్లకు ఇదేమీ వింత కాదు.) ఫ్రానెకర్ ఊళ్లో ఉన్ని దువ్వుకుని బతికే ఐసె ఐసింగా, గ్రహాల నడక కళ్లారా చూస్తే ఈ భయాలు పోతాయనుకున్నాడని చెబుతారు. 1781 కల్లా తన ఇంటి పైకప్పుకే శని దాకా సౌరమండలాన్ని బిగించేశాడు.

ఇలాంటి యంత్రాలు అప్పటికి కొత్త కాదు. ఇంగ్లండ్‌లో పాఠాలు చెప్పేవాళ్లు ఇత్తడి ఓరరీల (గ్రహాల నడకను చూపించే యంత్రాల) పిడి తిప్పి, ఏడాదిని నిమిషంలో చూపించేవారు. ఐసింగాది గడియారంతో, అసలు వేగంతోనే నడుస్తుంది. శని ఒక చుట్టు పూర్తి చేయాలంటే 29 ఏళ్లకు పైనే ఆగాలి!

అసలు కిటుకంతా చక్రాల పళ్ల లెక్కలో ఉంది. ఏడాదికి ఒకసారి తిరిగే చక్రానికి 83 పళ్లు పెట్టి, దాన్ని 20 పళ్ల చక్రానికి తగిలించామనుకోండి. రెండోది 88.01 రోజులకు ఒకసారి తిరుగుతుంది. బుధుడి అసలు కాలం 87.97 రోజులు. అంటే తేడా చుట్టుకి గంట. పర్వాలేదనిపిస్తుంది గానీ, పాతికేళ్లలో అది నాలుగు రోజులకు పైగా పేరుకుంటుంది. ఐసింగా అటక మీద చక్రాలు చెక్కవి. పళ్ల స్థానంలో చేత్తో చేసిన ఇనుప మేకులు వరసగా దిగేసి ఉంటాయి.

నాకు బాగా నచ్చింది అతని కొలత. పది లక్షల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. ఆ లెక్కన సూర్యుడికి భూమి 15 సెంటీమీటర్ల దూరంలో, శని దాదాపు మీటరున్నర దూరంలో ఉంటాయి. కానీ గోళాల సైజు కూడా అదే కొలతలో చేస్తే సూర్యుడే ఆవగింజంత, భూమి అసలు కంటికే ఆనదు. అందుకే ఏ ఓరరీ అయినా ఇక్కడ అబద్ధం ఆడక తప్పదు. చాలా ఇత్తడి ఓరరీలు దూరాల్లోనూ ఆడతాయి, ఐసింగా అది మాత్రం ఒప్పుకోలేదు.

1781లోనే ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ శనికి అవతల ఉన్న యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. దానికి చోటివ్వాలంటే సూర్యుడి నుంచి 2.87 మీటర్లు కావాలి, అంత పైకప్పు ఆ గదికి లేదు.

2023లో యునెస్కో ఈ ఇంటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యంత్రం ఇప్పటికీ నడుస్తోంది. లీపు సంవత్సరం సంగతి మాత్రం దానికి తెలియదు. ఆ ఒక్కరోజును మనిషే సరిచేయాలి. ఏ ఏడాదో చూపించే పలక మీద అంకెలు 22 ఏళ్లకు అయిపోతాయి, మళ్లీ కొత్తగా రాయిస్తారు.