మీకు విదేశాల నుంచి డబ్బులొస్తాయి కదా సిస్టర్?

పొద్దున్నే సికింద్రాబాద్ మొండా మార్కెట్‌లో గంపతో నిలబడితే వారానికి ఒకసారైనా ఈ మాట వినబడుతుంది. విచిత్రమేమిటంటే, అడిగినాయనే రెండు కిలోల వంకాయలు గంపలో పోస్తాడు.

నేను లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ అనే క్యాథలిక్ సన్యాసినుల సభలో సిస్టర్‌ని. పేద వృద్ధులను చూసుకోవడమే మా పని. దానికి మేం ప్రత్యేకంగా ఒక మాటపట్టు, అంటే దేవుడి ముందు ప్రమాణం, కూడా తీసుకుంటాం.

అపోహ: మా వృద్ధుల ఇళ్లన్నీ విదేశీ డబ్బుతో నడుస్తాయి.

వాస్తవం: మా సభ పుట్టిందే అడుక్కోవడంతో. 1839 చలికాలంలో ఫ్రాన్స్‌లోని సెయింట్ సెర్వాన్‌లో జాన్ జుగాన్ అనే ఆమె, చూపు లేని, పక్షవాతం వచ్చిన ముసలావిడను ఇంటికి తెచ్చుకుని తన మంచం ఇచ్చేసింది. ఆ తర్వాత చేరిన ముసలివాళ్లలో వీధుల్లో అడుక్కుని బతికినవాళ్లున్నారు. మీ బదులు నేను వెళ్తానని బుట్ట తానే అందుకుంది. ఒకాయన చెంప మీద కొడితే, ‘ఇది నాకు, ఇక నా పేదలకేమైనా ఇవ్వండి’ అందని మాలో తరతరాలుగా చెప్పుకుంటాం. నన్నింతవరకు ఎవరూ కొట్టలేదు. తిట్టినవాళ్లున్నారు.

స్థిరమైన వడ్డీ ఆదాయం వద్దని 1865లోనే మా సభ తీర్మానించుకుంది. బ్యాంకులో డబ్బు మూలుగుతుంటే రేపు ఈ గంప ఎవరు పట్టుకుంటారు? ఇక విదేశీ విరాళం ఏ సంస్థకొచ్చినా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖ ద్వారానే రావాలి, ఏటా ప్రభుత్వానికి లెక్క చూపాలి. గుట్టుగా సంచుల్లో వచ్చేదేం కాదు.

అపోహ: క్రైస్తవులనే చేర్చుకుంటారు, చేరాక మతం మారుస్తారు.

వాస్తవం: అరవై దాటాలి, పేదవారై ఉండాలి. మతం అడ్డు కాదు. మా దగ్గరున్న ఓ మామ్మ మంచం పక్క గూట్లో వేంకటేశ్వరస్వామి పటం, దాని ముందు కుంకుమ భరిణె ఉంటాయి. శనివారం ఒంటిపూట ఆవిడకు రాత్రి ఉప్మా చేస్తాం. మా చాపెల్‌లో, అంటే ఇంట్లోని చిన్న చర్చిలో, రోజూ క్రైస్తవ పూజ ఉంటుంది, ఇష్టమున్నవాళ్లు వస్తారు. మామ్మ కూడా వెనక బెంచీలో కూర్చుంటుంది. ‘పాటలు బాగుంటాయమ్మా’ అంటుంది, అంతే.

అపోహ: నెలనెలా డబ్బు కడితే చోటిస్తారు.

వాస్తవం: ఈ ఫోన్లే నాకు ఎక్కువ బాధ. ‘ఎంతైనా కడతాం సిస్టర్, అమ్మను చూసుకోండి’ అంటారు. కుదరదంటే కోపం. అన్నీ ఉన్న ఇంటి అమ్మకు మంచమిస్తే, ఫుట్‌పాత్ మీదున్న తాతకు లేదనాలి. కొందరు ఎవరూ లేరని చెప్పించి మరీ చేర్పిస్తారు. అలా వచ్చిన ఒకావిడ ఏడాది తర్వాత కొంగు ముడి విప్పి, మడతలు నలిగిన కాగితం చూపించింది. కొడుకు ఫోన్ నంబరు. ‘చేయకండి, వాడికి టెన్షన్’ అని మళ్లీ ముడేసుకుంది. ఆవిడను బయటికి పంపలేదు. తప్పే అనండి.

అపోహ: సిస్టర్లకు జీతాలుంటాయి.

వాస్తవం: ఉండవు. ముసలివాళ్లు తినేదే మేమూ తింటాం.

అపోహ: పుట్టినరోజుకు కేక్ తెచ్చి కోస్తే అదే సేవ.

వాస్తవం: మీ మంచి మనసును కాదనను. కానీ మా వాళ్లలో చాలామందికి షుగర్. ఒక ఆదివారం మూడు కేకులొచ్చాయి. ఆ మంగళవారం కందిపప్పు డబ్బా అడుగంటింది. ఫొటో కోసం తాతలను నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు, మోకాళ్ల నొప్పులవాళ్లు పాపం నిలబడతారు. పప్పు, నూనె, పెద్దవాళ్ల డైపర్లు ఎప్పుడిచ్చినా పనికొస్తాయి. చేతులే ఉన్నాయంటారా, గోళ్లు తీసే రోజు రండి. ముసలివాళ్ల కాలిగోళ్లు రాయిలా ఉంటాయి, ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. ఒక్కొక్కరికి చాలాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో వాళ్లు తమ ఊరి చెరువు దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెబుతారు. నెయిల్ కట్టర్ మీ ఇంట్లోది తేకండి, అది ఆనదు. మా దగ్గర పెద్దది ఉంది.