తెల్లంచు నందివర్ధనంలో ఆకుపచ్చ కొమ్మ

మా వీధి చివరి ఇంట్లో గేటు నుంచి గుమ్మం దాకా రెండు పక్కలా తెల్లంచు నందివర్ధనం వరుస ఉంది. మోకాలెత్తున కత్తిరించి ఉంచుతారు. ఆకు నడుమ పచ్చ, చుట్టూ మీగడ రంగు. ఈ వానాకాలం ఆ వరుసలోంచి ఒక కొమ్మ మిగతావాటికన్నా జానెడు పైకి లేచింది. దాని ఆకులు పెద్దవి, నిగనిగలాడే ముదురాకుపచ్చ. తెలుపు జాడే లేదు. ఆ ఇంటి పెద్దావిడ సంబరంగా చూపించారు. "చూడమ్మా, ఈ ఒక్క కొమ్మా ఎంత బాగా తేరుకుందో! మిగతావాటికి ఏం బలం వెయ్యాలో చెప్పు" అన్నారు. "ముందు కత్తెర ఇవ్వండి పిన్నిగారూ" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. అలా ఎందుకన్నానో అప్పుడు రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను.

నందివర్ధనం మనకు కొత్త కాదు. ముద్దపూలదీ ఒంటిరెక్కదీ రెండూ పెరళ్లలో ఉంటాయి, రెండూ పూజకు వెళ్తాయి. ఆకు తుంచితే పాలు కారే ఈ మొక్క గన్నేరు కుటుంబానిది. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని గన్నేరు ప్రజాతిలోనే చేర్చి ‘నీరియం డైవారికేటమ్’ అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు ‘టాబర్నేమోంటానా’ అనే వేరే ప్రజాతికి మార్చారు. పదహారో శతాబ్దపు జర్మన్ మూలికావైద్యుడు టాబర్నేమోంటానస్ పేరు అది. ‘డైవారికేటా’ మాత్రం అలాగే నిలిచింది. పంగలు పంగలుగా విడిపోయేది అని అర్థం. కొమ్మను పరిశీలిస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది.

ఇక తెల్లంచు సంగతి. మొక్క కొసలో, మొగ్గ లోపల, కంటికి ఆనని ఒక చిన్న దిబ్బ ఉంటుంది. ఆకులూ కొమ్మలూ అక్కడే పుడతాయి. ఆ దిబ్బలో కణాలు ఉల్లిపొరల్లా మూడు వరుసలుగా అమరి ఉంటాయి. పై పొర కణాలు విభజన చెంది ఆకు పైచర్మం అవుతాయి. రెండో పొర నుంచి ఆకు అంచులోని కండ, చర్మం కిందే ఉండే పలుచటి వరుస వస్తాయి. మూడో పొర నుంచి ఆకు నడిమి భాగపు లోపలి కండ వస్తుంది. ఎప్పుడో ఒకసారి రెండో పొరలోని ఒక కణంలో పత్రహరితం తయారుచేసే శక్తి పోయిందనుకోండి. దాని సంతతి క్రమంగా ఆ పొరంతా ఆక్రమిస్తే, అక్కడి నుంచి వచ్చే ప్రతి ఆకుకీ అంచు తెల్లగానే ఉంటుంది. నడుమ మాత్రం మూడో పొర పచ్చదనం కనిపిస్తుంది. తెలుపుకీ పచ్చకీ మధ్య బూడిద కలిసిన లేతపచ్చ మచ్చలు మీరు గమనించే ఉంటారు. అక్కడ రంగులేని పలుచటి పొర కింద నుంచి లోపలి పచ్చ తొంగిచూస్తోందన్నమాట.

అంటే ఆ మొక్క నిజానికి రెండు మొక్కలు. ఒకే చర్మం కింద, వేరువేరు వారసత్వం ఉన్న రెండు కణవంశాలు కాపురం చేస్తున్నాయి. తోటల్లో కనిపించే తెల్లంచు మొక్కల్లో చాలావాటి కథ ఇదే. ఇలాంటివాటిని ‘కైమెరా’ అంటారు. 1907లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హాన్స్ వింక్లర్ కామంచి మొక్కనూ టమాటానూ అంటుకట్టినప్పుడు ఆ అతుకు దగ్గర సగం ఇదీ సగం అదీ అయిన కొమ్మ ఒకటి పుట్టింది. సింహం తల, మేక ఒళ్లు, పాము తోక ఉన్న గ్రీకు పురాణ జంతువు పేరు దానికి పెట్టాడు. నరసింహుణ్ణి ఎరిగిన మనకు ఈ ఊహ వింతగా తోచదు. 1909లో మరో జర్మన్ శాస్త్రవేత్త ఎర్విన్ బౌర్ తెల్లంచు జెరేనియం మొక్కల మీద పనిచేసి, ఆ తెలుపు పొరల అమరిక వల్ల వస్తోందని చూపించాడు. ఆయన పనిలో నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం విత్తనాలది. పుప్పొడీ అండమూ రెండో పొర నుంచే పుడతాయి. తెల్లంచు మొక్కలో ఆ పొర తెల్లది. అందుకే దాని పువ్వును దాని పుప్పొడితోనే కలిపితే వచ్చే మొలకలు పూర్తిగా తెల్లగా ఉంటాయి. విత్తులో తల్లి దాచిన తిండి అయిపోగానే చచ్చిపోతాయి.

అదే ఏడాది ఇంకో జర్మన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ మన సాయంకాలపు చంద్రకాంత మొక్క మీద మరో సంగతి కనిపెట్టాడు. పచ్చా తెలుపూ మచ్చలున్న చంద్రకాంతలో ఒక కొమ్మ పూర్తి పచ్చ, ఒకటి పూర్తి తెలుపు, ఒకటి మచ్చలది ఉంటాయి. పచ్చ కొమ్మ మీది విత్తనం పచ్చ మొక్క అయింది, తెల్ల కొమ్మది తెల్ల మొలక అయింది. పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చి అద్దినా ఫలితం మారలేదు. ఈ గుణం తల్లి నుంచే వస్తోంది! పత్రహరితాన్ని మోసే హరితరేణువులకు సొంత డీఎన్ఏ ఉందని తేలడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. చంద్రకాంతలో ఆ రేణువులు అండంలోంచే పిల్లకు అందుతాయి.

ఈ శాస్త్రమంతా కుండీ దగ్గర ఎలా అక్కరకొస్తుందో చూద్దాం. తెల్లంచు మొక్కను విత్తనంతో పెంచలేం. ఆకు ముక్కతో పెంచబోయినా నిరాశే. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి నాటి చూడండి. పిల్ల మొక్కలు వస్తాయి, పసుపు అంచు మాత్రం రాదు. కొత్త మొలక ఆకు లోపలి కణాల్లోంచి పుడుతుంది కాబట్టి పొరల అమరిక అక్కడితో తెగిపోతుంది. కొమ్మ గణుపు దగ్గరి మొగ్గలో అయితే మూడు పొరలూ వరుస చెడకుండా సిద్ధంగా ఉంటాయి. అందుకే కడియం, కడియపులంక నర్సరీల్లో వేల మొక్కలు కొమ్మ కటింగులతో కవర్లలో లేస్తాయి. అంచు బాగా తీరిన, పెన్సిలంత లావు కొమ్మను జానెడు కోసి, పాలు ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో రెండు గణుపులు మునిగేలా గుచ్చి నీడన పెట్టండి. వానాకాలం దీనికి మంచి అదను. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

మరి పిన్నిగారి పచ్చ కొమ్మ? ఎక్కడో ఒక మొగ్గలో లోపలి పచ్చ కణం ఒకటి రెండో పొరలోకి చొరబడింది. అక్కడి నుంచి వచ్చినదంతా పూర్తి పచ్చ. దాని ఆకు మొత్తం ఎండను తిండిగా మార్చుకుంటుంది, తెల్లంచు ఆకు నడిమి భాగంతోనే సరిపెట్టుకుంటుంది. ఇది సమ ఉజ్జీల పోటీ కాదు. రెండు మూడు వానాకాలాలు వదిలేస్తే ఆ మొక్కంతా మామూలు నందివర్ధనమే అయిపోవచ్చు. పైపైన కత్తిరిస్తే ఇంకా నష్టం, అదే పచ్చ కొమ్మ రెండుగా చీలి వస్తుంది. అది ఎక్కడ మొదలైందో వెతికి, ఆ మొదట్లోనే తీసెయ్యాలి. అప్పుడప్పుడు పూర్తి తెల్ల కొమ్మ కూడా వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ సొంతంగా తిండి చేసుకోలేదు, పచ్చ ఆకుల కష్టం మీదే బతుకుతుంది. దాన్ని కోసి నాటితే బతకదు.

"బలం వెయ్యాలి" అనే ఆలోచన దగ్గర కూడా జాగ్రత్త కావాలి. యూరియా దండిగా పడితే ముందు ఎగబాకేది పచ్చ కొమ్మే. రెండు నెలలకోసారి గుప్పెడు మాగిన పశువుల ఎరువు చాలు. ఎండ కూడా చూసి ఇవ్వాలి. ఉదయం నాలుగైదు గంటలు పడితే అంచు తీరుగా ఉంటుంది. మరీ చీకటి మూలన పెడితే మొక్క పలచబడుతుంది. వైశాఖ మాసపు మధ్యాహ్నపు ఎండకు మాత్రం తెల్ల భాగం మాడి గోధుమరంగుకు తిరుగుతుంది.

హైదరాబాదులో కుండీలు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఉప్పు బోరునీళ్లు పోసీ పోసీ మట్టి క్షారమవుతుంది, అందులోని ఇనుము వేళ్లకు అందదు. అప్పుడు కొత్త ఆకుల నడుమ పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. కొందరు దాన్ని కొత్త రకం అందం అనుకుంటారు. గుర్తుపట్టడం తేలికే. అంచు వెంబడి తెలుపుంటే అది పుట్టుక, ఈనెల మధ్య పసుపుంటే అది ఆకలి. దొరికినప్పుడు వాననీళ్లు పొయ్యండి, రెండేళ్లకోసారి కుండీ మట్టి మార్చండి.

కంచెగా నాటాలంటే అడుగు, అడుగున్నర ఎడం చాలు. కొస మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపి పక్క మొగ్గలను నిద్రలో ఉంచుతుంది. కొస తుంచితే ఆ అడ్డు తొలగుతుంది. నందివర్ధనం ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో తుంపుకు రెండేసి కొమ్మలు వస్తాయి. పంగలు చీలే ఆ గుణం కంచెకు వరం. వరుస అడుగున వెడల్పు, పైన సన్నం ఉండేలా కత్తిరిస్తే కింది ఆకులకూ వెలుతురు అందుతుంది. అయితే పూలు కొమ్మల చివరి పంగల్లోనే పూస్తాయి. కత్తెర తరచుగా ఆడితే పూలు తగ్గిపోతాయి. నాకైతే మరీ గోడ చెక్కినట్టు ఉండటంకన్నా నాలుగు పూలు కనిపించడమే ఇష్టం.

ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కొమ్మ అడుగున వెతకండి. వేలంత లావు ఆకుపచ్చ గొంగళి, తల దగ్గర రెండు నీలి కళ్ల బొమ్మలు. అది గన్నేరు హాక్‌మాత్ పిల్ల. ఈ పాల చేదు దానికి అడ్డం కాదు. మందు కొట్టక్కర్లేదు, చేత్తో తీసి దూరంగా ఉన్న గన్నేరు మీద వదిలితే సరిపోతుంది.

పిన్నిగారు చివరికి కత్తెర తెచ్చారు. పచ్చ కొమ్మ మొదలు వరుస అడుగున, నేలకు బెత్తెడు ఎత్తున దొరికింది. కోసిన కొమ్మను పారెయ్యనివ్వలేదు ఆవిడ. పెరట్లో బావి పక్కన గుచ్చారు. అది ఇప్పుడు చిగురేస్తోంది. ఇక అది అచ్చమైన పచ్చ నందివర్ధనం. దాన్ని కత్తిరించే పని లేదు కాబట్టి ఆవిడ పూజకు పూలు అక్కడి నుంచే వస్తాయి.